చెన్నైలో ఉంటున్న మన పెద్దవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా: కార్డు చేయించడం నుంచి ఆపరేషన్ దాకా

చెన్నైలో తెలుగు ఇళ్లలో పెద్దవాళ్ల జబ్బుల మాట వస్తే చాలు, "మనం ఆంధ్రావాళ్లం, మనకిక్కడ ఏమీ రాదులే" అంటారు. పెరంబూరులో, చాకలిపేటలో రెండు మూడు తరాల నుంచి ఉంటున్నవాళ్లు కూడా అంటారు. అది నిజం కాదు. తమిళనాడు బీమా కార్డుకు మీరు ఇంట్లో ఏ భాష మాట్లాడతారనేది లెక్కలోకి రాదు. రేషన్ కార్డులో పేరుందా, ఇంటి ఆదాయం ఎంత, ఆధార్‌లో వివరాలు సరిపోతున్నాయా, ఈ మూడే చూస్తారు. అయితే ఈ పనులన్నీ మనిషి ఆరోగ్యంగా తిరుగుతున్నప్పుడే చేసిపెట్టుకోవాలి. ఐసీయూ బయట నిలబడి ఆదాయ సర్టిఫికెట్ కోసం ఫోన్లు చేసే కొడుకులు, కూతుళ్లు పడే టెన్షన్ చూసినవాళ్లెవరికైనా నేనెందుకింత గట్టిగా చెబుతున్నానో తెలుస్తుంది.

ముందు ఈ పథకం సంగతి కాస్త. 2009 జులైలో కలైంజ్ఞర్ కాప్పీట్టు తిట్టం (కాప్పీట్టు తిట్టం అంటే బీమా పథకం) పేరుతో మొదలైంది. 2012 జనవరి 11 నుంచి ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకంగా మారింది. 2018 సెప్టెంబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్‌తో దీన్ని కలిపారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా చికిత్స ఉచితం. ప్రీమియం మొత్తం ప్రభుత్వమే యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్‌కు కడుతుంది, మన జేబులోంచి పైసా పెట్టక్కర్లేదు. పెద్ద వయసు అని కాదనరు, షుగర్, బీపీ ముందే ఉన్నాయని పక్కన పెట్టరు. బయట ప్రైవేటు పాలసీ కొనాలంటే 70 ఏళ్ల మనిషికి ఎంత ప్రీమియం చెబుతారో ఒకసారి అడిగి చూడండి, ఈ కార్డు విలువ అప్పుడు తెలుస్తుంది.

ఇంకో మాట. ఆదాయం ఏడాదికి 72 వేల లోపు ఉండాలన్నది పాత లెక్క. 2022 నుంచి అది 1,20,000 అయింది, అంటే నెలకు పది వేలు. ఎప్పుడో ఒకసారి అడిగి, కుదరదంటే తిరిగి వచ్చేసినవాళ్లు మళ్లీ చూసుకోండి.

మొదట రేషన్ కార్డు బయటకు తీయండి

తమిళనాడు స్మార్ట్ రేషన్ కార్డు మీద పీహెచ్‌హెచ్ (ప్రాధాన్య కుటుంబం) అనో ఎన్‌పీహెచ్‌హెచ్ (ప్రాధాన్యం లేని కుటుంబం) అనో ఉంటుంది. అది బియ్యం, సరుకుల కోసం పెట్టిన లెక్క, దాన్ని చూసి బీమా రాదేమో అనుకోవద్దు. బీమాకు కావాల్సింది ఆ కార్డులో పెద్దవాళ్ల పేరు ఉండటం. ఈ పథకంలో కుటుంబం అంటే భార్యాభర్తలు, పిల్లలు, వాళ్ల మీద ఆధారపడిన తల్లిదండ్రులు. ఎవరైనా సరే, పేరు రేషన్ కార్డులో ఉంటేనే బీమాలోకి వస్తారు.

మన చాలా ఇళ్లలో చిక్కు సరిగ్గా ఇక్కడే వస్తుంది. నాన్న పోయాక అమ్మను నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో కొడుకు దగ్గరికి తెచ్చుకుంటారు. మనిషి ఇక్కడ ఉంటుంది, పేరు మాత్రం అక్కడి బియ్యం కార్డులో ఉంటుంది. అప్పుడు రెండు దారులు. ఒకటి, అక్కడ పేరు తీయించి, తీసేసినట్టు కాగితం తెచ్చుకుని ఇక్కడి కార్డులో చేర్పించడం. ఇది తమిళనాడు రేషన్ వెబ్‌సైట్‌లోనూ చేసుకోవచ్చు, ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలు చేసిపెట్టే ఈ-సేవై సెంటర్‌లోనూ చేసిపెడతారు. కానీ ఆ పని చేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆమెకు ఆంధ్రాలో వృద్ధాప్య పింఛనో వితంతు పింఛనో వస్తుంటే, 2024 నుంచి అది నెలకు 4,000 రూపాయలు. తమిళనాడు వృద్ధాప్య పింఛను 2023లో పెంచాక కూడా 1,200. అక్కడ కార్డులో పేరు పోతే పింఛను మీద కూడా దెబ్బ పడొచ్చు. కాబట్టి ముందు ఊళ్లో సచివాలయానికి వెళ్లి పేరు తీస్తే పింఛను ఏమవుతుందో ముఖాముఖి అడిగి, అప్పుడు నిర్ణయించుకోండి. ఎవరో చెప్పారని తీసేసి తర్వాత ఏడవద్దు.

రెండో దారి, పేరు అక్కడే ఉంచి ఆంధ్రా ఆరోగ్యశ్రీనే వాడుకోవడం. ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. 2019 నవంబరు నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలోని కొన్ని ఆసుపత్రుల్లో కూడా పెద్ద చికిత్సలకు ఆ కార్డు చెల్లేలా చేశారు. అన్ని ఆసుపత్రులూ కాదు, అన్ని జబ్బులూ కాదు, జాబితా కూడా మారుతూ ఉంటుంది. అందుకే చేరే ముందే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర, అంటే ఆ పథకం తరఫున సాయం చేసే మనిషి, ఉన్నారా అని అడగండి. ఉన్నారంటే అక్కడ ఆ కార్డు తీసుకుంటారన్నమాట. నా ఉద్దేశం అడిగితే, ఊళ్లో చూసుకునేవాళ్లుండి ఏటా కొన్ని నెలలు అక్కడే గడిపే పెద్దవాళ్లకు ఈ రెండో దారే నయం. పూర్తిగా ఇక్కడే స్థిరపడ్డవాళ్లకు మొదటిది.

వేరే రాష్ట్రం నుంచి పనికి వచ్చి ఆరు నెలలు దాటినవాళ్లను కూడా తగిన ధ్రువీకరణ ఉంటే చేర్చుకునే వీలు ఈ పథకంలో ఉంది. భవన నిర్మాణంలో పనిచేసే కుటుంబాలు ఈ విషయం కలెక్టరేట్‌లో తప్పకుండా అడగాలి.

పేర్ల గొడవ ముందే తేల్చుకోండి

దీన్ని కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. మనకు ఇంటిపేరు ముందు ఉంటుంది. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనీషియల్‌గా పెడతారు, పెళ్లయిన ఆడవాళ్లకు భర్త పేరు అక్షరం. ఊళ్లో తీసిన ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇక్కడి రేషన్ కార్డులో ఒక అక్షరమే ఉంటుంది, అదీ వేరే అక్షరం. దానికి తోడు రేషన్ కార్డులో పేరు తమిళంలో రాసినప్పుడు సుబ్బమ్మ కాస్తా సుప్పమ్మాళ్ అయి కూర్చుంటుంది. కౌంటర్లో కూర్చున్న మనిషికి ఈ ఇద్దరూ ఒకరేనని ఎలా తెలుస్తుంది?

ఆధార్‌ను ఆధారంగా పెట్టుకుని, మిగతా కాగితాలన్నీ దానికి సరిపోయేలా దిద్దించుకోవడం మంచిది. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. అంటే ఆధార్‌ను ముట్టుకోకుండా రేషన్ కార్డులో పేరు మార్పించడమే తెలివైన పని. ఆధార్‌లోనే పెద్ద తప్పుంటే మాత్రం ముందు అది దిద్దించండి. అదే చేత్తో పెద్దవాళ్ల ఆధార్‌కు పనిచేస్తున్న ఫోన్ నంబరు లింక్ చేయించండి. వయసు మీద పడ్డాక, అందులోనూ జీవితమంతా కాయకష్టం చేసినవాళ్లకు వేలిముద్రలు అరిగిపోయి మెషీన్ తీసుకోదు. అప్పుడు ఫోన్‌కు వచ్చే ఓటీపీయే దిక్కు. ఆ నంబరు ఎప్పుడో పారేసిన సిమ్‌ది అయితే అక్కడికక్కడే పని ఆగిపోతుంది.

ఆదాయ సర్టిఫికెట్

తమిళంలో వరుమాన సాండ్రిదళ్ అంటారు. ఈ-సేవై సెంటర్‌కు ఆధార్, రేషన్ కార్డు, ఫోటో, ఫోన్ పట్టుకుని వెళితే, మొదటిసారి అయితే మీ పేరు మీద క్యాన్ నంబరు (ఈ-సేవై దరఖాస్తులకు వాడే గుర్తింపు నంబరు) తీసి, దరఖాస్తు ఆన్‌లైన్లో పెడతారు. ఫీజు 60 రూపాయలు, రసీదు అడిగి తీసుకోండి. అది వీఏఓ (గ్రామ పరిపాలన అధికారి) దగ్గరికి, అక్కడి నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌కు, తర్వాత తహసీల్దార్‌కు వెళుతుంది. మధ్యలో వీఏఓ ఫోన్ చేసి రమ్మనొచ్చు, ఇంటికి వచ్చి విచారించొచ్చు. పిలిస్తే పెద్దవాళ్లను కూడా తీసుకెళ్లండి. ఎవరికి ఏ పని, ఎంత వస్తుంది అని అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అయ్యాక మెసేజ్ వస్తుంది, డౌన్‌లోడ్ చేసి రెండు మూడు ప్రింట్లు తీసి పెట్టుకోండి.

రాసేది ఇంటి ఆదాయం, పెద్దాయన ఒక్కడిది కాదు. నాన్నకు సంపాదన లేకపోయినా కొడుకుతో ఒకే కార్డులో ఉంటే కొడుకు జీతం కూడా లెక్కలోకి వస్తుంది. నెలకు పదిహేను, పద్దెనిమిది వేలు వచ్చే ఇళ్లు ఇక్కడే ఆగిపోతాయి, వాళ్ల కోసం కింద వేరే దారి చెప్పాను. నిజంగానే వేరే వంట పెట్టుకుని విడిగా బతుకుతున్న ముసలి దంపతులైతే సొంతంగా రేషన్ కార్డుకు పెట్టుకోవచ్చు, విడి వంటగది ఉందా అని వచ్చి చూస్తారు. లేనిది ఉన్నట్టు చూపించమని చెప్పే బ్రోకర్ల మాట వినొద్దు. ఆపరేషన్ ముందు రోజు ఆ అబద్ధం బయటపడితే నష్టం మీకే.

కార్డు తీసే చోటు

ఆదాయ సర్టిఫికెట్, రేషన్ కార్డు, ఇంట్లో అందరి ఆధార్ కార్డులు, ఒరిజినల్స్, జిరాక్సులు పట్టుకుని కలెక్టరేట్‌లోని బీమా కియోస్క్‌కు వెళ్లాలి. చెన్నై జిల్లా వాళ్లకు అది రాజాజీ సాలైలో, బీచ్ స్టేషన్ దగ్గరున్న కలెక్టర్ ఆఫీసు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, ఊరు చెన్నై అనుకున్నంత మాత్రాన జిల్లా చెన్నై కాదు. అంబత్తూరు, మాధవరం ఇప్పుడు చెన్నై జిల్లాలోకి వచ్చేశాయి. ఆవడి వాళ్లు తిరువళ్లూరు కలెక్టరేట్‌కు, తాంబరం వాళ్లు చెంగల్‌పట్టుకు పోవాలి. రేషన్ కార్డులో ఏ జిల్లా ఉందో చూసుకుని బయల్దేరండి, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఊరంతా తిరగక్కర్లేదు.

అక్కడ ఫోటో, వేలిముద్రలు తీసుకుంటారు, అందుకే మనిషి స్వయంగా రావాలి. పొద్దున్నే వెళ్లండి, మంచినీళ్లు, మందులు దగ్గర పెట్టుకోండి. ప్రభుత్వ వైద్య శిబిరాల్లో కూడా ఈ కార్డులు ఇస్తుంటారు, 2025 ఆగస్టులో మొదలైన నలం కాక్కుం స్టాలిన్ శిబిరాల్లో అలాగే ఇచ్చారు. మీ వీధి దగ్గర్లో శిబిరం పెట్టినట్టు తెలిస్తే వదులుకోవద్దు, నడవలేనివాళ్లకు అదే సులువు.

ఇంట్లో ఎప్పటిదో పాత కార్డు ఉంటే కొత్తదాని కోసం పరిగెత్తే ముందు, పథకం వెబ్‌సైట్‌లో రేషన్ కార్డు నంబరు కొట్టి చూడండి, లేదంటే 1800 425 3993కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. పేరు లిస్టులో ఉంటే ఈ-కార్డు తీసుకుంటే సరిపోతుంది. ఇంటి యజమాని పేరుండి అమ్మ పేరు లేకపోతే ఆమెను మాత్రం చేర్పించాలి.

ఇవేవీ చేయకముందే మనిషి ఆసుపత్రి పాలైతే? అయినా చేతులెత్తేయొద్దు. ఆసుపత్రిలో బీమా డెస్క్ వాళ్ల దగ్గర పేషెంట్ చేరినట్టు లెటర్ తీసుకుని, ఇంట్లో ఇంకొకరు కాగితాలన్నీ పట్టుకుని కలెక్టరేట్ కియోస్క్‌కు వెళ్లి ఎమర్జెన్సీ అని చెప్పండి. ఆదాయ సర్టిఫికెట్ ఉంటే సగం యుద్ధం అయిపోయినట్టే, లేకపోతే అదే రోజు తాలూకా ఆఫీసులో తహసీల్దార్‌ను నేరుగా కలవండి.

70 దాటినవాళ్లకు ఇంకో కార్డు

2024 అక్టోబరు 29న కేంద్రం ఆయుష్మాన్ వయ వందన కార్డు మొదలుపెట్టింది. 70 ఏళ్లు నిండితే చాలు, ఆదాయం అడగరు, రేషన్ కార్డు అడగరు, ఆధార్ ఒక్కటే. ఏడాదికి 5 లక్షలు. కుటుంబం ముందే ఆయుష్మాన్‌లో ఉంటే పెద్దవాళ్లకు అదనంగా 5 లక్షలు వేరేగా వస్తుంది, ఇంట్లో మిగతావాళ్లు దాన్ని వాడలేరు. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ 70 దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. ప్రైవేటు పాలసీ ఉన్నా, ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉన్నా ఇది తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలోనో సైన్యంలోనో రిటైరై సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్ అనే వాళ్ల ఆరోగ్య పథకాలు వాడుతున్నవాళ్లు మాత్రం రెంటిలో ఒకటి ఎంచుకోవాలి.

ఆయుష్మాన్ యాప్‌లో ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు, ఓటీపీతోనో ముఖం ఫోటోతోనో. ఫోన్ అంతగా తెలియనివాళ్లకు మనవడో మనవరాలో చేసిపెట్టాల్సిందే. సందేహం వస్తే 14555. కార్డు చేతికొచ్చిందని ధీమాగా ఉండకుండా, మీరు వెళ్లే ఆసుపత్రిలో వయ వందన తీసుకుంటారా అని ముందే అడిగి పెట్టుకోండి. ముఖ్యమంత్రి కార్డుకు అర్హత ఉన్నవాళ్లు దీన్ని చూసుకుని దాన్ని వదులుకోవద్దు, చెన్నై ఆసుపత్రుల్లో బాగా అలవాటైన కార్డు అదే.

జీతం పది వేలకు పైన, 21 వేల లోపల ఉంటే

బీమాకు ఎక్కువ, బతకడానికి తక్కువ అన్నట్టుండే ఈ ఇళ్ల గురించే నాకు ఎక్కువ బాధ. కానీ వీళ్లలో చాలామంది చేతిలోనే ఉన్న ఈఎస్ఐని మర్చిపోతున్నారు. నెల జీతం 21,000 లోపు ఉండి, కంపెనీ ఈఎస్ఐ కడుతుంటే జీతంలో 0.75 శాతం మీ వాటాగా పోతుంది, 3.25 శాతం కంపెనీ వేస్తుంది. ఆ డబ్బుతో మీకే కాదు, మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం వస్తుంది. వాళ్ల సొంత ఆదాయం నెలకు 9,000 దాటకూడదు, అంతే. అంబత్తూరు ఎస్టేట్‌లో, శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీల్లో, షోరూముల్లో, సెక్యూరిటీ ఏజెన్సీల్లో పనిచేసే పిల్లలు ఎంతమంది అమ్మానాన్నల పేర్లు చేర్పించారు? చేరేటప్పుడు పెళ్లాం, పిల్లల పేర్లు రాసి ఊరుకుంటారు. రేపే హెచ్ఆర్‌ను అడిగి, ఆధార్ కాపీలిచ్చి చేర్పించండి. కేకే నగర్, అయనావరం ఈఎస్ఐ ఆసుపత్రుల్లో రోజువారీ మందులు, ఓపీ కూడా దొరుకుతాయి. ముఖ్యమంత్రి కార్డులో ఓపీ లేదు, ఆ లెక్కన ఇది ఇంకా మేలు.

ఇవేవీ కుదరక పాలసీ కొనాల్సి వస్తే మూడు మాటలు. 2024 ఏప్రిల్ నుంచి 65 దాటినవాళ్లకు పాలసీ లేదనే పాత అడ్డంకి తీసేశారు. ముందున్న జబ్బులకు వెయిటింగ్ మూడేళ్లకు మించకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. షుగర్, బీపీ దాచి ఫారం నింపొద్దు, క్లెయిమ్ రోజున మొత్తం పోతుంది.

ఆసుపత్రికి వెళ్లాక

ముందు తెలుసుకోవాల్సింది, ఈ కార్డు ఆసుపత్రిలో చేరాక జరిగే చికిత్సకు. జ్వరానికి ఓపీలో చూపించుకున్నా, నెలనెలా షుగర్ మాత్రలు కొన్నా దీంట్లో రావు. స్టెంట్, బైపాస్, మోకాలి మార్పిడి, డయాలసిస్, క్యాన్సర్ లాంటివి వస్తాయి. కొన్ని ఆపరేషన్లను ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారు, ప్రైవేటులో చేస్తే బీమా రాదు. అందుకని డాక్టర్ ఆపరేషన్ అనగానే రిసెప్షన్ దగ్గర డబ్బు కట్టకండి. బీమా డెస్క్ ఎక్కడుందో వెతుక్కుని, "కాప్పీట్టు తిట్టం అట్టై ఇరుక్కు, ఇంద ఆపరేషన్‌కు ఇంగ ఎడుత్తుక్కువీంగళా?" (బీమా కార్డు ఉంది, ఈ ఆపరేషన్‌కు ఇక్కడ తీసుకుంటారా?) అని అడగండి. తమిళం తడబడినా ఈ ఒక్క వాక్యం చాలు.

వాళ్లు కార్డు, ఆధార్, రిపోర్టులు తీసుకుని ఆన్‌లైన్లో అనుమతికి పంపుతారు. అనుమతి వచ్చాకే ఆపరేషన్. ప్రాణం మీదికొచ్చిన కేసైతే ముందు చికిత్స మొదలుపెట్టి అనుమతి తెప్పించుకునే వీలుంది. ఎంతకు అనుమతి వచ్చిందో అడిగి రాసుకోండి. బెడ్, ఆపరేషన్, మందులు, భోజనం అన్నీ ఆ ప్యాకేజీలోనే ఉంటాయి. ఖరీదైన ఇంప్లాంట్ వేస్తామనో, ప్రత్యేక గది అనో చెప్పి పైన డబ్బు అడిగితే అది ఎందుకో కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే కట్టకండి.

ప్రైవేటు మోజు కాస్త తగ్గించుకోమని కూడా చెబుతాను. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి), స్టాన్లీ, కీళ్‌పాక్, ఒమందూరార్ ఆసుపత్రుల్లో పెద్ద పెద్ద ఆపరేషన్లు రోజూ జరుగుతాయి. గిండీలో 2023 జూన్‌లో కలైంజ్ఞర్ శతాబ్ది ఆసుపత్రి తెరిచారు. గిండీలోనే కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో 2024 ఫిబ్రవరిలో ప్రత్యేకంగా వృద్ధుల కోసమే జాతీయ వృద్ధాప్య కేంద్రం వచ్చింది. పడిపోవడం, మతిమరుపు, ఒకేసారి నాలుగైదు జబ్బులు ఉన్న పెద్దవాళ్లను ఒకే చోట చూపించాలంటే అక్కడికి తీసుకెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలాగూ ఉచితమే కదా అని కార్డు ఇంట్లో వదిలి వెళ్లొద్దు. కార్డు చూపిస్తే బీమా డబ్బు ఆ ఆసుపత్రికే వస్తుంది, స్టెంట్లు, ఇంప్లాంట్లు తెప్పించడానికి అదే పనికొస్తుంది.

ఇక నెలనెలా మందుల సంగతి. 2021 ఆగస్టులో మొదలైన మక్కళై తేడి మరుత్తువం కింద బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే తెచ్చిస్తారు, దగ్గర్లోని ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో పేరు రాయించాలి. కొనాల్సినవి ఉంటే జన్ ఔషధిలో, 2025 ఫిబ్రవరిలో తెరిచిన ముదల్వర్ మరుందగం దుకాణాల్లో తక్కువకు దొరుకుతాయి. రోడ్డు ప్రమాదమైతే ఏ కార్డూ అక్కర్లేదు. ఇన్నుయిర్ కాప్పోం పథకంలో చేరిన ఆసుపత్రికి తీసుకెళితే, ఏ రాష్ట్రం వాళ్లయినా మొదటి 48 గంటల చికిత్స ఖర్చు ఒక పరిమితి దాకా ప్రభుత్వమే భరిస్తుంది.

కాదన్నప్పుడు

అనుమతి రాలేదంటే ఎందుకు రాలేదో అడగండి. ఎక్కువసార్లు ఏదో రిపోర్టు తక్కువైందనో, పేరు సరిపోలేదనో తేలుతుంది, అది ఇస్తే మళ్లీ పంపొచ్చు. కార్డు ఉన్నా డబ్బు కట్టమంటే అక్కడి నుంచే 1800 425 3993కు ఫోన్ చేసి, కార్డు నంబరు, ఆసుపత్రి పేరు, ఎంత అడిగారు, ఎవరు అడిగారు అన్నీ చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ముందే కట్టేసి ఉంటే రసీదులు ఒక్కటి కూడా పారేయకండి. ఫోన్‌తో పని జరగకపోతే కలెక్టర్ అధ్యక్షతన జిల్లా ఫిర్యాదుల కమిటీ ఉంటుంది, అదే రసీదులు, డిశ్చార్జ్ కాగితం జతచేసి కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల రోజున ఇవ్వండి. తమిళంలో రాయడం రాకపోతే బయట అర్జీలు రాసిపెట్టేవాళ్లు ఉంటారు, ఒక కాపీ మీద ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి.